ఊపిరికి కావలి

మనుష్యునికి మిక్కిలి సులువుగా వచ్చిన విద్యను "ఉగ్గుపాలతో అబ్బినది" యనుట మన వాడుక. ఊపిరి తీయుట ఉగ్గుపాలకంటెను ముందుగా అబ్బినదని మనమందఱమును నమ్మియుందుము. అది యొక విద్య యన్న తలంపే మనకు రాదు. పాఠశాలలో సంస్కృతమును ఆంగ్లమును బోధించుచు 20 ఏండ్లకు పైగా గడపినవాడను నేను. ప్రాణశబ్దమునకు వ్యుత్పత్తి చెప్పునప్పుడెల్ల, "అన" ధాతువునకు శ్వాసించుట యర్థమనియు, దానికి "ప్ర" అను ఉపసర్గము చేరి ప్రాణమైనదనియు పిల్లలకు చెప్పుచుందును. ఆ ధాతువునకును అభ్యాసము వలయుననియు, అభ్యాసము ముగియకమున్నే భూమిమీద పడిన శిశువులు నడుమ నడుమ ఊపిరి ఆపివేయుదురనియు, అట్టివారికి తోడుండి ఊపిరిని కాచుట యొక గొప్ప వైద్యమనియు నేను తెలిసికొన్నది 2018వ సంవత్సరమున, నా చెల్లెలి కాన్పు నాడు. ఆ యెఱుక నలుగురితో పంచుకొనదగినది. ఏలయన, 2020వ సంవత్సరమున మన దేశమున నెలలు నిండకుండ పుట్టిన బిడ్డలు 30 లక్షలకు పైబడియుండిరి. ఆ యేడు ప్రపంచమందంతటను పుట్టిన యట్టి బిడ్డలలో ఐదుగురికి ఒకరు మన దేశమువారే.

గర్భము 37 వారములు నిండకమున్ను పుట్టిన బిడ్డను నెలలు నిండని బిడ్డ యందురు. అట్టి బిడ్డ 20 సెకనులు గాని అంతకు మించి గాని ఊపిరి తీయకయుండినను, లేక అంతకు తక్కువ కాలమే ఆగినను గుండె వేగము తగ్గి నెత్తురులో ప్రాణవాయువు పడిపోయినను, దానిని వైద్యులు అప్నియా యందురు. తెలుగున శ్వాసవిరామము అనవచ్చును. చదువరులారా, గడియారమును చూచుచు 20 సెకనులు లెక్కపెట్టి చూడుడు. అరచేతి పొడవున్న బిడ్డ ముందర కూర్చున్నవానికి ఆ లెక్క యెంత దీర్ఘమో కొంత బోధపడును. ఐనను ప్రతి విరామమును భయపడదగినది కాదు. ఐదు పది సెకనులాగి, వడివడిగా కొన్ని మార్లు పీల్చి, మఱల నాగుట చిన్నబిడ్డలలో సహజమే. గుండె తన వేగమును విడువక, మేనిరంగు మాఱక యున్నంతవఱకు దానికి చికిత్స అక్కఱలేదు.

ఈ విరామమునకు మూలము ముఖ్యముగా ఊపిరితిత్తులలో లేదు, మెదడులో నున్నది. మెదడు వెన్నుపాముతో కలియుచోట ఊపిరిని నడపు నాడీకేంద్రములు గలవు. పెద్దవారిలో నెత్తురున బొగ్గుపులుసు వాయువు పెరిగిన తోడనే ఆ కేంద్రములు మేల్కొని ఊపిరిని వడిచేయును. నెలలు నిండని బిడ్డలో ఆ మేల్కొలుపు మందముగా నుండును. ప్రాణవాయువు తగ్గినప్పుడు మనము గట్టిగా పీల్చుదుము. ఆ బిడ్డయో, కొంచెముసేపు గట్టిగా పీల్చి, పిమ్మట ఇంకను మందగించును. ఇది వింతగా తోచవచ్చును గాని దీనికొక న్యాయమున్నది. గర్భమున బిడ్డకు ప్రాణవాయువు మావి ద్వారమున తల్లినుండి వచ్చును. అచ్చట బిడ్డ ఱొమ్ము నాడించుట యెడతెగనిది కాదు. కొంతసేపు ఆడించి, కొంతసేపు మానుచుండును. ప్రాణవాయువునకు కొఱత వచ్చినప్పుడు ఆ కదలికను మానుకొని శక్తిని మిగుల్చుకొనును. గర్భవాసమున యుక్తమైన ఆ నడవడియే తొందరపడి వెలుపలికి వచ్చిన బిడ్డకు ప్రాణగండమగుచున్నది. దీనికి తోడు కంఠనాళము మెత్తనిది. గడ్డము ఱొమ్మునకు వంగినచో దారి మూసికొనిపోవును. మెదడు మఱచుటయు, దారి మూసికొనుటయు కలిసి వచ్చిన విరామములే తఱచు.

ఎన్ని వారములు తక్కువైన అంత బెడద. 28 వారములకు లోబడి పుట్టినవారిలో ఇది దాదాపుగా అందఱికిని కలుగును. 1981వ సంవత్సరమున ఆస్ట్రేలియాలో వెలువడిన యొక పరిశీలనలో 30, 31 వారములకు పుట్టినవారిలో నూటికి 54 మందికిని, 32, 33 వారములవారిలో సుమారు 15 మందికిని, 34, 35 వారములవారిలో 7గురికిని ఈ విరామములు కనబడెను. ఈ యంకెలను చదువరులు కొంచెము జ్ఞాపకముంచుకొనవలెను. వీనితో మఱియొక పని యున్నది.

నా చెల్లెలికి 30వ వారమున, శస్త్రచికిత్సచే మగబిడ్డ కలిగెను. తూకము 1,300 గ్రాములు. బావగారు ఉద్యోగముపై దుబాయిలో నుండిరి. జిల్లా కేంద్రమందలి యొక ఆసుపత్రిలో బిడ్డను గాజుతలుపుల లోపల వెచ్చని పడకపై నుంచిరి. మూడవనాడు విరామములు మొదలయ్యెనని డాక్టరమ్మ చెప్పగా, మా యింటివారిలో రెండు మాటలు పుట్టినవి. మొదటిది మా అమ్మ మాట. "ఒరే నాయనా, ఏడో నెల బిడ్డ బతుకుతుంది గాని ఎనిమిదో నెల బిడ్డ నిలవదురా. ఆ పసివాణ్ణి సూదులతో హింస పెట్టించడమెందుకు? ఇంటికి తెచ్చేసుకుందాం" అని యామె యేడ్చెను. ఆమె మాటలో ద్వేషము లేదు, దయయే యున్నది. ఆ దయయే బిడ్డ ప్రాణమును తీయగలదు.

ఆ నమ్మకము మా అమ్మ కల్పించినది కాదు. చరకసంహిత శారీరస్థానమున, ఎనిమిదవ మాసమందు ఓజస్సు తల్లినుండి బిడ్డకును బిడ్డనుండి తల్లికిని మాఱుచుండునని, కావున ఆ మాసమున కాన్పు ఆపత్కరమని చెప్పబడియున్నది. గ్రీసుదేశమున హిప్పోక్రటీసు పేర వెలసిన గ్రంథములలో ఎనిమిదవ నెల బిడ్డను గూర్చి ప్రత్యేకముగ నొక గ్రంథమే కలదు. అందును ఆ బిడ్డ బ్రదుకదనియే సిద్ధాంతము. రెండు దేశముల పెద్దలు పలికినంత మాత్రమున అసత్యము సత్యము కానేరదు. పైన చెప్పిన అంకెలను చూడుడు. వారము గడచినకొలది విరామములు తగ్గుచున్నవే గాని, ఏడవ నెలలో తక్కువై ఎనిమిదవ నెలలో హెచ్చుట లేదు. గర్భమున గడపిన ప్రతి వారమును బిడ్డ కెక్కిన యొక మెట్టు. నేను అమ్మ చెంత కూర్చుండి ఈ సంగతినే చెప్పి, "అమ్మా, కాయ నెలకు ముందే రాలింది. దాన్ని గడ్డిలో మాగవేసే వాళ్ళ చేతిలో ఉంది. తెచ్చి ఎండలో పారేద్దామా?" అని యడిగితిని. ఆమె సమాధానము చెప్పలేదు; కాని ఇంటికి తెత్తమన్న మాట మఱల నెత్తలేదు.

రెండవ మాట నన్ను గూర్చినది. బిడ్డ రోహిణీ నక్షత్రమున పుట్టెను. రోహిణిలో పుట్టిన మేనల్లుడు మేనమామకు గండమనియు, శాంతి జరిపించి నూనెలో బిడ్డ నీడను చూచిన పిదపగాని నేను వాని ముఖము చూడరాదనియు మా పెద్దమ్మ పట్టుపట్టెను. పురుడు వెళ్లనిదే శాంతి లేదు. అనగా పదునొకండు దినములు. "పెద్దమ్మా, కంసుడికి గండం తెచ్చింది రోహిణి కాదు, వాడు చేసిన పనులు. నేనెవరినీ చెఱలో పెట్టలేదు కదా" అని చెప్పి లోపలికి పోతిని. తల్లి లేవలేకయుండగా, తండ్రి సముద్రమునకు ఆవల నుండగా, నక్షత్రము పేరు చెప్పి మూడవవానిని గూడ వెలుపల నిలిపిన ఆ బిడ్డకు దిక్కెవ్వరు?

లోపల నేను మొదట చూచినది యంత్రము కాదు, ఒక వ్రేలు. మానిటరు గంట మ్రోగెను. నర్సమ్మ పరుగెత్తలేదు, వచ్చి బిడ్డ రంగును చూచి, గడ్డమును కొంచెమెత్తి మెడను తిన్నగా నుంచి, అరికాలిని వ్రేలితో మెల్లగా రాచెను. బిడ్డ ముడుచుకొని, ఒక నిట్టూర్పు విడిచి, ఊపిరి తీయసాగెను. "భయపడకండి మాస్టారూ, మరిచిపోయాడు, గుర్తు చేశాను" అని యామె కాగితముమీద వేళను వ్రాసికొనెను. విరామములలో అనేకము ఇంతమాత్రముననే తీరును. అరికాలు రాచుట, వీపు నిమురుట, మెడ సరిచేయుట: ఈ వైద్యమునకు కావలసినది ఒక చేయి, ఒక మెలకువ.

ఈ సందర్భమున చరకుడే మఱల జ్ఞప్తికి వచ్చుచున్నాడు. పుట్టిన తోడనే చలనము లేని బిడ్డకు చెవులయొద్ద రెండు ఱాళ్లను తాకించి చప్పుడు చేయవలెననియు, ముఖముపై చన్నీళ్లు గాని వేడినీళ్లు గాని చల్లవలెననియు, చేటతో విసరవలెననియు ఆయన విధించెను. ఇంద్రియములను కదలించినచో ప్రాణము కదలునను సూక్ష్మము ఆయనకు తెలియును. అందుకు మనము గర్వపడవచ్చును. కాని గర్వము ఒక యెత్తు, అనుకరణము మఱియొక యెత్తు. నెలలు నిండని బిడ్డపై చన్నీళ్లు చల్లుట నేడు చేయరాని పని. చలియే విరామములను తెచ్చును. పెద్ద చప్పుడు ఆ బిడ్డకు హాని. పూర్వులు వేసిన బాటలో ఎంతదూరము పోవలెనో, ఎచ్చట ఆగవలెనో తెలిసికొనుటయే వారికి చేయు గౌరవము.

విరామములు మొదలైనప్పుడు వైద్యులు చేయు మొదటి పని మందిచ్చుట కాదు, వెదకుట. రక్తమున సూక్ష్మజీవులు చేరినను, చక్కెర తగ్గినను, మేను చల్లబడినను, రక్తము పలుచనైనను, మెదడులో నెత్తురు చిమ్మినను, మూర్ఛ వచ్చినను బిడ్డ ఊపిరి ఆపవచ్చును. నెలలు నిండకపోవుటయే కారణమని నిశ్చయించుటకుముందు వీనినన్నిటిని కాదనిపించుకొనవలెను. అంతవఱకు చక్కగా నున్న బిడ్డకు హఠాత్తుగా విరామములు హెచ్చినచో, అది వేఱొక రోగము తట్టిన తలుపు కావచ్చును.

వ్రేలు చాలని యెడల మందు. ఆ మందు మన యింటింటను ఉదయమున మరగునదే యని తెలిసినప్పుడు నాకు నవ్వు వచ్చెను. 1819 ప్రాంతమున జర్మనీ దేశపు రసాయనవేత్త రూంగే కాఫీగింజలనుండి వేఱుచేసిన కెఫీనే ఆ మందు. 1973లో ఇంగ్లండున దాని జ్ఞాతియైన అమైనోఫిల్లిన్‌ను ఇచ్చి విరామములు తగ్గుట కనుగొనిరి. 1977లో కెనడాలో అరాండా మొదలగువారు కెఫీనునే ఇచ్చి చూచిరి. మెదడులో అడినోసిన్ అను పదార్థము ఊపిరి కేంద్రములను జోకొట్టుచుండును. కెఫీను దాని పీటమీద తాను కూర్చుండి ఆ జోలను ఆపును. మొదటి మోతాదు బిడ్డ తూకమున ప్రతి కిలోగ్రామునకు కెఫీన్ సిట్రేట్ 20 మిల్లీగ్రాములు. మా బిడ్డకది 26 మిల్లీగ్రాములయ్యెను. తరువాత దినమునకు ఒక్కసారి, కిలోగ్రామునకు 5 మొదలు 10 మిల్లీగ్రాములు. పెద్దవారి దేహమున కెఫీను సుమారు ఐదు గంటలలో సగమగును. ఈ బిడ్డల దేహమున సగమగుటకు నాలుగు దినములు పట్టును. కావున ఒక్క పూట మోతాదే చాలును.

అలవాటుగా ఇచ్చుచున్న మందును గూడ పరీక్షకు పెట్టుట శాస్త్రముయొక్క గుణము. 500 మొదలు 1,250 గ్రాముల తూకముతో పుట్టిన 2,006 మంది బిడ్డలను రెండు జట్లుగా విభజించి, ఒక జట్టుకు కెఫీనును, రెండవదానికి మందులేని ద్రవమును ఇచ్చి, ఏ జట్టున కేది యిచ్చిరో వైద్యులకును తెలియకుండ జరిపిన పరీక్షా ఫలితములు 2006లో వెలువడసాగెను. దీర్ఘకాలపు ఊపిరితిత్తుల జబ్బు మందులేని జట్టులో నూటికి సుమారు 47 మందికి కలుగగా, కెఫీను జట్టులో 36 మందికే కలిగెను. మఱుసటి యేటి ఫలితములలో, ఏడాదిన్నర దాటిన బిడ్డలలో మెదడు దెబ్బచే కాలుసేతులు బిగియు వ్యాధి నూటికి 7.3 నుండి 4.4కు తగ్గెను. ఇంతటి మేలు చేయు మందు మఱియొకటి ఆ గదిలో అరుదని డాక్టరమ్మ చెప్పినది. ఒక్క హెచ్చరిక: ఇది విని ఇంట కాచిన కాఫీని బిడ్డ నోట చుక్క వేయబూనుట ఘోరము. అందలి మోతాదు ఎవరికిని తెలియదు. గొంతున పోసినది ఊపిరిదారిన పోవచ్చును.

మందుతో తీరనిచో గాలి. ముక్కులో చిన్న గొట్టములుంచి, ఎడతెగని మెల్లని ఒత్తిడితో గాలిని పంపినచో కంఠనాళము మూసికొనకుండ తెఱచుకొనియుండును. దీనిని సీపాప్ అందురు. 1971లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున గ్రెగరీ మొదలగువారు దీనిని పిల్లలయందు మొదట ప్రకటించిరి. అందులో నొక విధమును చూచి నేను మెచ్చుకొంటిని: గొట్టపు కొనను ఒక సీసాలోని నీటిలో ముంతురు, ఎన్ని సెంటీమీటర్ల లోతున ముంచిన అంత ఒత్తిడి. నీరు బుడబుడలాడుచున్నంతసేపు పని జరుగుచున్నట్లే. ప్రాణవాయువునైనను పేరు చూచి దోసిళ్లతో పోయరాదు. 1940, 1950 దశాబ్దులలో మితిలేని ప్రాణవాయువుచే వేలకొలది బిడ్డలు చూపు కోల్పోయిరి. కావున ఇప్పుడు ప్రాణవాయువు పొందుచున్న బిడ్డ నెత్తురులో దాని పాలు నూటికి 90కిని 95కును నడుమ నుండునట్లు కనిపెట్టుచుందురు.

ఇంత తెలిసిన ఆ ఆసుపత్రిలోనే నాకు బాధ కలిగించిన దొక్కటి. తల్లిని పై అంతస్తున నుంచి, ఆఱుదినములు బిడ్డయొద్దకు రానీయలేదు. సూక్ష్మజీవులు చేరుననిరి. ఇంటియందు పురుటిమైల పేర చేయు ఎడబాటునే అచ్చట శుచి పేర చేసిరి. కారణములు వేఱు, బిడ్డకు కలిగిన ఒంటరితనము ఒక్కటే. 1978లో కొలంబియా దేశపు బొగోటా నగరమున, పడకలు చాలని యాసుపత్రిలో ఎడ్గార్ రే సనాబ్రియా అను వైద్యుడు బిడ్డలను తల్లుల ఱొమ్ములపై చర్మము చర్మమునకు తగులునట్లు కట్టించెను. పేదఱికమునుండి పుట్టిన ఆ యుపాయము కంగారూ పద్ధతి యని లోకమున వ్యాపించెను. మన ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రియు, ఆఫ్రికాలోని నాలుగు దేశముల ఆసుపత్రులును కలిసి జరిపి 2021లో ప్రకటించిన పరీక్షలో, తూకము తక్కువైన బిడ్డలను స్థిరపడువఱకు వేచియుండక పుట్టిన వెంటనే ఱొమ్మున కెత్తుకొన్నచో, 28 దినములలోపల మరణములు నూటికి 15.7 నుండి 12కు తగ్గెను. తల్లిని బిడ్డనుండి వేఱుచేయుట వైద్యమే కాదని తేలినది.

ఐదవనాడు ఆ నర్సమ్మయే, "మాస్టారూ, అమ్మగారికి జ్వరం తగ్గలేదు. మీరు చేతులు కడుక్కుని, చొక్కా విప్పి కూర్చోండి" యనెను. కంగారూ పద్ధతికి తల్లియే ఉత్తమము. ఆమె రాలేనప్పుడు తండ్రియో, అవ్వయో, మేనమామయో కూడ పనికివచ్చును. బిడ్డ కాలికి కట్టిన మీట అట్లే యుండగా, వానిని నా ఱొమ్మున నిలువుగా నుంచి, మొగమును ప్రక్కకు త్రిప్పి, గుడ్డతో చుట్టెను. ఒక గంటసేపటిలో రెండు మార్లు వాని వీపు నా అరచేతిక్రింద కదలక నిలిచెను. రెండు మార్లును నేను వ్రేలితో వెన్నును రాచితిని. రెండు మార్లును వాడు మఱల పీల్చెను. ఏడవనాడు మా చెల్లెలు చక్రముల కుర్చీలో వచ్చి, "అన్నయ్యా, ఇక ఇలా ఇయ్యి" యని తీసికొనెను. అటుపిమ్మట పదునొకండవ దినమెప్పుడు గడచెనో ఎవరును లెక్కపెట్టలేదు.

34 వారములు నిండునప్పటికి మందు నిలిపివేసిరి. మందు దేహమున మెల్లగా తగ్గును గనుక, నిలిపిన తరువాతను ఐదాఱు దినములు విరామము లేదని చూచి గాని పంపరు. సామాన్యముగా 37వ వారము దాటునప్పటికి మెదడు పక్వమై విరామములు తమంత తామే మానును. మిక్కిలి ముందుగా పుట్టినవారికి మఱికొన్ని వారములు పట్టును. ఇంటికి వచ్చిన పిదప బిడ్డను వెల్లకిల పరుండబెట్టవలెను. ఆ గదిలో చుట్టపొగయు సాంబ్రాణిపొగయు కూడదు. మా మేనల్లుడు ఇప్పుడు బడికి పోవుచున్నాడు, చెట్లెక్కుటలో ప్రథముడు. వానివలన నాకింతవఱకు వచ్చిన గండము, వాడడుగు ప్రశ్నలే.

కావున చదువరులారా, ఇది మందులేని వ్యాధి కాదు, మందుకు లొంగని విధియు కాదు. పక్వము కాని ఊపిరి పక్వమగువఱకు కావలి కాయవలసిన పని. జిల్లా ఆసుపత్రులలో నవజాత శిశువులకు ప్రత్యేక విభాగములు గలవు. 2011లో ఆరంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమముచే ప్రభుత్వ ఆసుపత్రులలో రోగియైన శిశువునకు చికిత్స ఉచితము. మీ వీధిలో నెలలు నిండని బిడ్డ పుట్టినచో, తల్లి ఱొమ్మునకు హత్తి, తలకు టోపీ పెట్టి, వెంటనే అచ్చటికి పంపుడు. ఎనిమిదవ నెల యను మాటను ఆ యింట పలుకనీయకుడు. శాంతులు చేయించుకొనువారు బిడ్డ యిల్లు చేరిన పిదప చేయించుకొందురు గాక. ఆసుపత్రుల పెద్దలకును ఒక మనవి: గాజుతలుపు లోపల తల్లికొక కుర్చీ వేయుడు, ఇరువురు ముగ్గురు బిడ్డలకు ఒక నర్సమ్మ నుంచుడు. గంట మ్రోగునప్పుడు చేయి చాపుటకు చేరువలో ఒకరుండవలెను.